ట్రెడిల్ వేలంలో నేను పాడిన పాట

"ఇంకో వంద," అన్నాను చెయ్యెత్తి.

చిక్కడపల్లి సందులో, ఒక చిన్న ప్రెస్సు ముందు గుమిగూడిన జనమంతా నా వైపు తిరిగారు. నా వెనక నిలబడ్డ విద్యార్థులు కిసుక్కున నవ్వారు. ప్రెస్సు యజమాని తల దించుకున్నాడు.

అప్పట్లో నేను ఒక దినపత్రికలో సబ్‌ఎడిటర్ని. డ్యూటీ సాయంత్రం కనుక పొద్దునపూట అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో పోటీ పరీక్షలవాళ్లకు ఇంగ్లిషు చెప్పేవాణ్ణి. ఆ వారం వేలానికి సంబంధించిన పలుకుబడులు చెబుతున్నాను. వస్తువు వేలానికొస్తే ఇంగ్లిషువాళ్లు 'అండర్ ది హ్యామర్' వెళ్లిందంటారు. పోటీపడి ధర పెంచితే 'బిడ్డింగ్ అప్'. మనం ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేచోట వాళ్లు 'గోయింగ్, గోయింగ్, గాన్' అంటారు. పిల్లలు రాసుకున్నారు గానీ ఎవరికీ ఎక్కలేదు. అంతలో మా పత్రికలోనే వచ్చిన ప్రకటన గుర్తొచ్చింది. సహకార బ్యాంకు అప్పు తీర్చలేని ఒకాయన ట్రెడిల్‌ను, అంటే కాలితో తొక్కుతూ శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ అచ్చువేసే యంత్రాన్ని, ఆ రోజే వేలం వేస్తున్నారు. నడిచి వెళ్లేంత దూరం. "పదండి, కళ్లారా చూద్దురుగాని," అని అందరినీ బయల్దేరదీశాను.

బ్యాంకు అధికారి ధర చెప్పాడు. యజమాని బామ్మర్ది ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు.

"గిదేనా సార్ వేలం? ఒక్కడే పాడుతుండు," అన్నాడు మా విద్యార్థి ఒకడు.

"గణేశుని లడ్డూకే దీనికంటె జోరుంటది," అన్నాడు ఇంకొకడు.

నాకు చిన్నతనమనిపించింది. నేనో వంద పెంచితే బామ్మర్ది మరో వంద పెంచుతాడు, పిల్లలకు పాఠం అర్థమవుతుంది అనుకున్నాను. పాటకు ముందే ధరావతు సొమ్ము కట్టించుకోవాల్సిన అధికారి, ఎవరో ఒకరు నోరు విప్పారన్న సంబరంలో నన్నేమీ అడగలేదు.

బామ్మర్ది వంద పెంచాడు. అప్పటిదాకా స్కూటర్‌కు ఆనుకుని చూస్తున్న రాంనగర్ పాత ఇనుము వ్యాపారి, "ఐదొందలు ఎక్కువ," అన్నాడు. బామ్మర్ది గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి అనేశారు.

ఎదురుగా చాయ్ కొట్టాయన నా దగ్గరికొచ్చాడు.

"ఏంది సారూ, గిట్ల జేస్తివి? ఈ గల్లీల మిషను కొనెటోళ్లు లేకనా మేమందరం నోరు మూసుకున్నది? బామ్మర్ది పేరు మీద మళ్ల ఆయనింటికే రావాలని."

"నాకు తెలియదండీ."

"తెల్వకుంటే చాయ్ తాగి పోవాలె. నువ్వు నోరు తెరిచినంకనే ఆ సేటు తెరిచిండు."

నేనింకా అక్కడే ఉండగా యజమాని వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"సార్, మీరు నిజంగ కొందామనే వచ్చిన్రా?"

"లేదండీ. పిల్లలకు చూపిద్దామని."

ఆయన కాసేపు నా విద్యార్థులను చూశాడు. "మంచిది," అని లోపలికి వెళ్లిపోయాడు. కొందామనే వచ్చానని అబద్ధం చెప్పినా బాగుండేదని ఆ సాయంత్రం డెస్కులో కూర్చున్నాక తోచింది.

మరునాడు క్లాసులో ఆ పలుకుబడులన్నీ అందరికీ నోటికొచ్చేశాయి.

కొన్నాళ్లకు ఆ ప్రెస్సు యజమాని నారాయణగూడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో జీతానికి కాగితం కత్తిరించే పనిలో చేరాడు. నేను ఆఫీసుకు వెళ్లే దారి అదే. చూస్తే నమస్కారం పెట్టేవాడు. అందుకే కొంతకాలం దోమలగూడ మీదుగా తిరిగి వెళ్లాను.

నా గొంతు లేవకపోయినా ఆ వ్యాపారి పాడేవాడా? పాడే ఉద్దేశం లేనివాడు రాంనగర్ నుంచి పనిగట్టుకుని ఎందుకొస్తాడు? ఈ మాట అతన్నే అడుగుదామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కొట్టు తెరిచే ఉంది, అతను గల్లా దగ్గరే కూర్చుని ఉన్నాడు. అడగకుండానే వెనక్కి వచ్చాను.