పోటు మీద ముంచిన బిందె

మా ఊరి శివుడికి శివరాత్రి నాడు కృష్ణ నీళ్లు కాలినడకన వస్తాయి. అవనిగడ్డ దిగువ రేవులో ముంచిన బిందెలను నెత్తిన, భుజాన మోసుకుని, ఎక్కడా నేల మీద దించకుండా, కోడూరు మీదుగా సముద్రం వైపున్న మా ఊరికి చేరుస్తారు. తియ్యటి నీళ్లు నీ తల మీద పోస్తున్నాం, ఉప్పునీళ్లను మా ఊళ్లోకి రానివ్వకు అని ఆ మొక్కు. ఉప్పెనలో మా ఒక్క ఇంటి నుంచే ఐదుగురు పోయారు. ఊళ్లో ఆ మొక్కును తేలిగ్గా తీసుకునేవాళ్లు లేరు.

మొదటి బిందె మాది. పొలాలు పోయాయి, లోగిలి పోయింది, నేను గుడివాడలో ఒక ధాన్యం కొట్లో గుమాస్తాను. అయినా మా బిందె మునిగేదాకా రేవులో ఇంకొకరు నీటిని ముట్టరు. మాకు మిగిలింది ఆ ఒక్కటే. నాకది చిన్న విషయం కాదు.

మూడేళ్ల కిందటి శివరాత్రికి, నాన్నగారు లేకుండా మొదటిసారి, పొద్దు పొడుస్తుండగా రేవులో దిగాను. వెనక ముప్పై మంది దాకా ఉన్నారు. మా ఊరికి దిగువన సముద్రం ఒడ్డు పల్లెపాలెంలో ఉంటూ చేపల గంప మోసి బతికే ఒక పెద్దావిడ మెట్టు మీద నుంచి పిలిచింది.

“అయ్యగారూ, పోటు మీదుందండి. అమావాస్య దగ్గరకొచ్చింది గదా, సముద్రం బాగా లోపలికి ఎక్కేసింది. నీరు వెనక్కి తీసేదాకా ఆగండి.”

“ఎంతసేపు?”

“రెండు మూడు గంటలండి.”

“మా బిందె ఎప్పుడు ముంచాలో నాకొకరు చెప్పక్కర్లేదు,” అన్నాను.

ముంచాను. నా తర్వాత అందరూ ముంచారు. ఆమె మాత్రం ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీదే కూర్చుండిపోయింది.

బయల్దేరిన గంటకు భయం పట్టుకుంది. మా నాన్నగారు నీళ్లలో దిగే ముందు ఒక పడవ మనిషితో రెండు మాటలు మాట్లాడేవారు. క్షేమం అడుగుతున్నారనుకునేవాణ్ణి. కొన్నేళ్లు చీకటితోనే నడక మొదలయ్యేది, కొన్నేళ్లు బాగా పొద్దెక్కాక. ఆయన అడిగింది పోటు సంగతని ఇన్నేళ్లకు, బిందె భుజం మీద ఉండగా, నాకు తట్టింది.

రుచి చూస్తే నీళ్లు ఎంగిలవుతాయి. ఆ నడకలో వెనక్కి తిరగకూడదు. బిందె మూతికి కట్టిన గుడ్డ తడిసి చుక్కలు నా చేతి మీద పడుతున్నాయి. ఆరినచోట తెల్లటి చార కనిపించింది. చెమట కూడా ఆరితే అలాగే ఉంటుంది. తుడిచేశాను. కాసేపటికి మళ్లీ వచ్చింది.

పక్కన నడుస్తున్న మా బావ నా మొహంలోకి చూశాడు. వరసకు బావ, రొయ్యల చెరువులు చేస్తాడు.

“ఏంటి బావా, అలా ఉన్నావు? బీపీ బిళ్ల వేసుకోలేదా?”

“వేసుకున్నాను. ఈ నీళ్లు ఎలా ఉంటాయంటావు?”

“దానికేముంది? దారిలోనే మన చెరువు. షెడ్డులో సెలినిటీ మీటరుంది. ఒక్క చుక్క వేస్తే ఉప్పెంతో చెప్పేస్తుంది. ఎంగిలన్న గొడవ కూడా లేదు, మీటరుకి నోరుండదుగా!”

“దేవుడి నీళ్లకు మీటరా?” అని కసిరాను. నాకు కోపం రాలేదు. ఆ అంకె చూసే ధైర్యం లేకపోయింది.

చెరువు వెనకబడింది. వెనక నుంచి బిందెల అలికిడి, శివనామం వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్లంతా నన్ను చూసే ముంచారు. ఏ నీళ్లను రావద్దని వేడుకోవడానికి వెళ్తున్నామో ఆ నీళ్లనే ముప్పై బిందెల్లో ఊళ్లోకి తీసుకెళ్తున్నామేమో. తిరిగి చూడలేకపోయాను.

కోడూరు దాటి చాలా దూరం వచ్చాక, రేవులో ఆగిపోయిన పెద్దావిడ మమ్మల్ని అందుకుంది. గంప మోసిన నడక, నెత్తిన నిండు బిందె తొణకడం లేదు.

“ఏవండీ అయ్యగారూ, అడుగు తగ్గిందే! ఉప్పునీళ్లు బరువెక్కువండి మరి.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. “తీర్థం అందరి నోట్లోనూ పడుద్దండి. నేనేం చెప్పను. నాలిక చెప్పుద్ది.”

ఆ మాట చెప్పి వెనక వరసలోకి జరిగింది.

గుడి మెట్ల దగ్గర పూజారిగారు చేతులు చాచారు. నేను బిందె వదల్లేదు.

“ఇవ్వండి బాబూ, అభిషేకానికి వేళవుతోంది.”

“ఈ నీళ్లు వద్దండి. పోటు మీద ముంచాను. వెనకవాళ్లవీ ఇవే నీళ్లు. తప్పు నాది.”

శివనామం ఆగిపోయింది. “రుచి చూశావా ఏంటి? ఊరికే కంగారుపడతావు,” అన్నాడు బావ.

“మరి ముందు ఏ బిందె?” అన్నారు పూజారిగారు.

ఆవిడను చూపించాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“అమ్మో, నాదా! వద్దండి బాబూ. రేపు ఏ గాలివానొచ్చినా నా బిందె వల్లే అంటారు.”

“అంటే నన్నంటారు. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు. ఇంతమంది విన్నారు. ఇవ్వమ్మా.”

ఆమె బిందెను నెత్తి మీద నుంచి తీసి ముందుకు చాచింది. పూజారిగారు బిందె అందుకున్నారు. మా ఇంటిది కాని బిందె ముందుగా శివుడి మీద పడటం నేను నిలబడి చూశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు.

మా బిందెల నీళ్లు ఊళ్లో ఎక్కడా పొయ్యడానికి లేదన్నారు పెద్దలు. సముద్రం అక్కడికి గంట నడక. నేను ముందు నడిచాను, మిగతావాళ్లు వెనక వచ్చారు. ఇసుక మీద మూతిగుడ్డ విప్పి, దోసిట్లోకి ఒంపుకుని నోట్లో పోసుకున్నాను. ఇక అవి దేవుడి నీళ్లు కావు.

ఉప్పు.

బిందె మొత్తం కుమ్మరించాను. వచ్చిన అల మడమల దాకా ఎక్కింది. నేను వెనక్కి వెనక్కి జరిగాను.