జున్నుపాలలో మొదటి వాటా

లక్సెట్టిపేట పక్క ఊళ్లో చంద్రవ్వ బర్రె ఈనిందంటే వాడకంతా పండుగే. మొదటి పాలతో జున్ను వండి, దేవుడికి నైవేద్యం పెట్టి, ఆపైన ఇంటింటికీ పంచడం అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. ఏ గడపనూ మరిచేది కాదు. మరిచేది ఒక్క దూడనే. ఈనాక బర్రె కడుపులోంచి మాయ బయటపడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకూడదని కూడా అత్తగారే చెప్పిపోయింది. కిందటి రెండు ఈతల దూడలూ వారం తిరగకుండానే పోయాయి. చంద్రవ్వ దిష్టి అనుకుని రెండుసార్లూ మిరపకాయలు తిప్పేసింది.

ఈసారి తెల్లవారుతూనే ఆడదూడ పుట్టింది. పొద్దెక్కినా లేవలేదు. చెవులు వేలాడేసి గడ్డి మీద తడిగుడ్డలా పడి ఉంది. "రాజన్నా, దీన్ని బతికియ్యి, నీ గుడిల కోడె కడ్త" అని మొక్కుకుని, చంద్రవ్వ జున్నుకు బెల్లం దంచుతూ కూర్చుంది. గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటి అక్బరీ బేగం దూడను చూసి, జున్ను మాట ఎత్తకుండా, పశువులకు సూదులు వేసే సుధాకర్‌కు ఫోన్ చేసింది.

అతను వస్తూనే అడిగాడు.

"పాలు తాగించినవా అవ్వా?"

"మాయ పడలే కద బిడ్డా."

"నువ్వు పుట్టిననాడు మీ అవ్వ గిట్లనే ఆపితే, ఇయ్యాల కూసోని బెల్లం దంచుతుంటివా?"

చంద్రవ్వ నొచ్చుకుంది. "మా అత్త ఎన్ని బర్లను సాకిందో నీకెర్కనా?"

"సాకింది. దూడలెన్ని మిగిలినయ్?"

చంద్రవ్వ లెక్కకు వేళ్లు మడవబోయి ఆగిపోయింది.

"రోగాన్ని ఆపే బలం గీ మొదటి పాలల్లనే ఉంటదవ్వా. పుట్టిన గంట, రెండు గంటలల్ల తాగాలె. ఇప్పటికే ఆలస్యమైంది. జర జల్ది పిండు."

పిండింది గానీ చెయ్యి ఆగింది. "దేవునికి ఒక్క గలాసన్న తీస్త."

"దేవుడు ఓపిక గల్లోడు చంద్రక్కా. గిది ఆగలేదు," అంటూ అక్బరీ బేగం తన గిన్నె చాచింది. "కడిగిందే. పట్టు."

మూతి పైకెత్తి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని సుధాకర్ హెచ్చరించాడు. చంద్రవ్వ పాలల్లో వేలు ముంచి దూడ నోట్లో పెట్టింది. బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. చివరికి వేలు లోపలికి గుంజినట్టయింది.

"పట్టింది," అంది మెల్లగా, ఎవరైనా వింటే మానేస్తుందేమో అన్నట్టు.

రెండు గిన్నెలు ఖాళీ అయ్యాక దూడ వణుకుతూ లేచింది. పొదుగు కోసం వెతుక్కుంటూ నేరుగా అక్బరీ బేగం మోకాళ్ల మధ్య తల దూర్చింది.

"నా దగ్గరేమున్నదే? మీ అవ్వ గటున్నది," అని ఆమె దాని మెడ పట్టుకుని తిప్పింది.

దూడ తల్లి దగ్గర కాసేపు తాగి, తోకెత్తి, నల్లటి జిగట పేడ సుధాకర్ కొత్త చెప్పుల మీద వేసింది. అతను కాలెత్తి చూసుకున్నాడు.

"మంచిదే. కడుపు సాఫయింది," అన్నాడు. "పొద్దుమాపు గిట్లనే కడుపునిండ తాగనియ్యి."

చంద్రవ్వ నీళ్ల చెంబుతో వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

"పెద్దదానివి, వద్దవ్వా."

"జర కదలకు బిడ్డా," అంటూ చెప్పులు తానే కడిగింది.