చెన్నకేశవులు ఖాళీ గళ్ళు

మా చెన్నకేశవులన్న ఫైల్లో గానీ నోటితో గానీ ఏ సంగతీ ఖాయం చేయడు.

మాదాపూర్‌లో మా పని సాఫ్ట్‌వేర్ టెస్టులు. మనిషి టైపు చేయాల్సిన కమాండ్లను కంప్యూటరే టైపు చేసుకుని, సరైన జవాబు వచ్చిందో లేదో చూసుకుంటుంది. ఏ కమాండ్, ఏ జవాబు అన్నది కాన్ఫిగ్ ఫైల్లో రాసిపెడతాం. మేం తేదీ, యూజర్ పేరు ఉన్నదున్నట్టు రాసేచోట, చెన్నకేశవులన్న ఖాళీ గడి పెడతాడు. టెస్టు నడిచేటప్పుడు అది ఆ పూట విలువతో నిండుతుంది.

బయటా అంతే. "రేపు ఎన్నింటికొస్తవన్నా?" అంటే, "బోరబండకు రైలు వచ్చిన టైముకు నలభై నిమిషాలు కలుపుకో."

"చాయ్‌లెన్ని సార్?" అంటాడు క్యాంటీన్ రాములు.

"నువ్వు పోసేటప్పుడు ఈడ ఎంతమందుంటే అన్ని."

"నీ పెండ్లి కార్డుల తేదీ గూడ గిట్లనే ఏయించినవా అన్నా?" అన్నాను నేను.

"ఏయిద్దామన్న. మామ ఒప్పుకోలె."

ఆర్నెల్ల క్రితం చేరిన కృష్ణప్రియను ఉంచాలా పంపాలా అన్నది మేనేజరు శ్రీనివాసరావు గారు ఒక శుక్రవారం తేల్చాలి. గురువారం ఆమె ఓ టెస్టు రాసి, అందులో ఆ రోజు తేదీ వేసింది. అప్పుడు బాగానే నడిచింది. తెల్లారి తేదీ మారింది. టెస్టు ఆగింది, దాని వెనకవన్నీ ఆగాయి. కృష్ణప్రియ ముఖం పాలిపోయింది.

"ఎవరండీ ఇది?" శ్రీనివాసరావు గారు రిపోర్టు తెరిచారు. "చెన్నకేశవులు! మళ్ళీ మీరేనా? ఈ నెల్లో తొమ్మిదోసారండీ!"

"జర చూస్కోలె సార్."

తేదీ వేయడం, అదీ ఈయన! నమ్మలేక రిపోర్టు తయారుచేసే ఫైలు తీశాను. అన్న రాసిందే. నలభై ఖాళీ గళ్ళున్నాయి. టెస్టు పాడుచేసినవాళ్ళ పేరు రావాల్సిన చోట మాత్రం గడి లేదు, 'చెన్నకేశవులు' అని అచ్చంగా ఉంది.

"ఏందన్నా ఇది? ఎవరు తప్పు చేసినా నీ పేరే వస్తది గదా!"

"మెల్లగ! కొత్తోళ్ళ పేరు పడితే, భయపడి టెస్టులే రాయరు. రాయని టెస్టు కంటె నాలుగు తిట్లు నయం," అని కృష్ణప్రియ వైపు తిరిగాడు. "దా చెల్లె, ఆ తేదీ తీసేసి గడి పెడదాం."

సాయంత్రం ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఉత్తరం చేతికిస్తూ శ్రీనివాసరావు గారు గొంతు తగ్గించారు.

"పాపం, చెన్నకేశవులుకు టెస్టులు రాయడం కాస్త నేర్పమ్మా."

సోమవారం ఆమె పాఠానికి అన్న నోట్‌బుక్‌తో సహా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు.