నేలను నడిచి చూసిన మేస్త్రి

పావగడ తిప్పేస్వామి మేస్త్రి గారు కన్నుమూశారన్న వార్త నాకు ఒక ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఉండగా అందింది. ఫోను చేసినవాడు జీపు డ్రైవరు ఓబులేశు. "మేస్త్రి పోయినాడప్పా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్లే పోయినాడు" అన్నాడు. చేతిలోని స్పానరు జారి ఛాతీ మీద పడితే నొప్పి కూడా తెలియలేదు. దిగ్భ్రాంతి అనే మాటను పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను. దాని అర్థం ఏమిటో ఆ పొద్దున బోధపడింది.

మూడు దశాబ్దాలకు పైగా కళ్యాణదుర్గం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో ఆ మహానుభావుడు జీపులకు ప్రాణదానం చేశారు. గుట్టలెక్కే బండ్లు, చెరువు మట్టి తోలే బండ్లు, సోలార్ పార్కు వచ్చాక పలకల వరుసల మధ్య తిరిగే బండ్లు అన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే. ముఖ్యంగా, ఏ బండికి ఏ డిఫరెన్షియల్ లాకు వేయాలో చెప్పడంలో ఆయన మాటకు తిరుగులేదు. హిందూపురం నుంచి, చెళ్లకెరె నుంచి కూడా ఆ ఒక్క మాట కోసం వచ్చేవారు.

ఆయన పోయిన నాలుగో రోజు మెకానిక్కులందరం చేరి సంతాప సభ పెట్టుకున్నాం. అందరూ బాగా మాట్లాడారు. చివర్లో ఒక పెద్దాయన, "కడాకు ఆ ఓబులేశు జీపు కాడ చూపు తప్పింది గానీ, అట్లాంటి మేస్త్రి మళ్లా పుట్టడు" అన్నాడు. సభంతా తల ఊపింది. నేనూ ఊపాను. ఊపినందుకు సిగ్గుపడుతూ ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ జీపు దగ్గర చూపు తప్పింది ఆయనది కాదు, నాది. ఈ సంగతి ఆయన బతికి ఉండగా నేను చెప్పలేదు. ఇప్పుడైనా ఆయన పేరు మీది ఆ మచ్చ తుడవాలి.

నాది రాయచెర్లు. తాతల నాటి శనక్కాయ చేను పార్కు కింద కౌలుకు పోయాక నాకు చెయ్యడానికి పని లేకపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, మీసాల్లో తెల్ల వెంట్రుకలు వచ్చాక, మేస్త్రి గారి షెడ్డుకు పోయి పని నేర్పమని అడిగాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఏమి పని తెలుసప్పా నీకు?" అన్నారు.

"సేద్యం తెలుసు మేస్త్రీ."

"అయితే సగం పని తెలిసినట్లే. మన బండ్లు తిరిగేది తారు రోడ్డు మీద కాదు, నేల మీద" అని చేతికి ఒక గుడ్డ పీలిక ఇచ్చి గ్రీజు తుడవమన్నారు.

ఆయన బోధనాపద్ధతి విలక్షణమైనది. పుస్తకం తెరిచి ఎరుగరు. నాకు డిఫరెన్షియల్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు జీపు వెనక భాగం జాకీ మీద లేపి, "మడక మళ్లించేటప్పుడు రెండెద్దులూ సమానంగా నడుస్తాయా?" అని అడిగారు. బయటి ఎద్దు ఎక్కువ నడుస్తుందని, లోపలిది తక్కువ నడుస్తుందని చెప్పాను. "బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలకు ఆ వీలు ఇచ్చేదే ఇది. మంచిదే. అయితే ఒక ఎద్దు బురదలో పడి కాళ్లు తన్నుకుంటా ఉంటే రెండోది ఊరికే చూస్తా నిలబడుకుంటాది. అప్పుడు రెండింటినీ కలిపి కట్టల్ల. ఆ కట్టేదే లాకు" అన్నారు. అరగంటలో నాకు అర్థమైన విషయం అది ఒక్కటే గానీ, నేటికీ మరచిపోలేదు.

లాకుల్లో రకాలున్నాయి. ఒకటి తనంతట తానే పట్టుకుని, తనంతట తానే వదిలేది. దాన్ని మేము ఆటోమేటిక్ లాకు అంటాం. బిగించడం సులువు, డ్రైవరుకు పని లేదు. ఇంకొకటి గాలి గొట్టంతోనో తీగతోనో పనిచేసేది. డ్రైవరు స్విచ్చి వేస్తేనే పట్టుకుంటుంది, తీసేస్తే మామూలు బండి. దానికి పని ఎక్కువ, సంరక్షణ ఎక్కువ. వచ్చిన ప్రతివాడూ "ఏది మంచిది మేస్త్రీ?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న వింటే ఆయనకు మండేది. "ఏది మంచిదని కాదప్పా, యాడ తిరుగుతాదో చెప్పు" అని చెప్పులు వేసుకుని బయలుదేరేవారు. బండి ఇరుక్కున్న చోటికి పోయి, అక్కడ ఆ చెప్పులు విడిచేవారు. డ్రైవరు చేత కూడా విడిపించేవారు. ఇద్దరూ ఉత్త కాళ్లతో ఆ దారి మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. "ఇరుక్కున్న చోటు డ్రైవరుకు తెలుసు. దాని అవతల ఏముండాదో తెలీదు. సీట్లో కూచుంటే వాలు తెలీదు, అరికాలికి తెలుస్తాది" అనేవారు. నడిచాకే ఏ లాకు అన్నది చెప్పేవారు.

ఒకసారి బెంగళూరు నుంచి ఒక యువకుడు మెరిసే జీపులో వచ్చాడు. ముందూ వెనకా రెండు లాకులూ కావాలన్నాడు. శని ఆదివారాల్లో గుట్టలెక్కుతాడట. మేస్త్రి గారు అతన్ని ఊరి బయటి గుట్టకు తీసుకుపోయి బూట్లు విప్పించి నడిపించారు. పల్లేరుకాయలు గుచ్చుకుని పాపం అతను కుంటుకుంటూ దిగాడు. "నీకు లాకు వద్దప్పా. టైర్లలో కొంచెం గాలి తీసి, కాలు ఆక్సిలేటరు మీద మెల్లగా పెట్టేది నేర్చుకో" అని పంపించేశారు. చేతికొచ్చిన బేరం పోగొట్టుకున్నారేమని నేను విసుక్కుంటే, "వాడు ఇంటికి చేరేదే మన బేరం" అన్నారు.

స్విచ్చి లాకు బిగిస్తే, ఆ స్విచ్చిని ఎప్పుడూ గేరు పక్కన పెట్టేవారు కాదు. డ్రైవరు ముందుకు వంగి చెయ్యి చాస్తే గానీ అందని చోట పెట్టేవారు. అందరూ సణిగేవారు. "చెయ్యి ఆడికి పొయ్యే లోపల బుద్ధి రావల్ల" అనేవారు. ఇంత ముందుచూపు గల మనిషికి చూపు తప్పిందని చెప్పుకుంటుంటే నేను తల ఊపాను, చూడండి.

ఇక ఆ జీపు సంగతి. ఓబులేశు పార్కులో కరెంటు పనివాళ్లను వరుసల చివరిదాకా దించి వచ్చేవాడు. వాన పడితే ఒక పల్లంలో అతని జీపు దిగబడేది. ఇరువైపులా పలకలు, పక్కకు తిప్పుకునే వీలు లేదు. లాకు వేయమని వచ్చాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రి గారికి కంటిపొర ఆపరేషన్ అయింది. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు అని డాక్టరు ఆజ్ఞ. "మీ ఊరి కాడే కదప్పా, నువ్వు నడిచి చూసి రా" అని నన్ను పంపారు. ఆయన తన బదులు ఇంకొకరిని పంపడం అదే మొదలు.

పోయాను. ఆ పల్లం ఒకప్పటి మా చేనే. గేటు దగ్గర కాపలావాడు పాసు అడిగాడు. "ఇది మా చేనప్పా" అన్నాను. "ఎవరిదైనా పాసు కావల్ల" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అది అతని పని. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను విత్తిన నేల మీద నడవడానికి నాకొక చీటీయా! వెనక్కు తిరిగి, కంచె పక్కన నిలబడి ఒక బీడీ కాల్చాను. నా నేల నాకు తెలియదా అనుకున్నాను. ఆ మూల నీళ్లు నిలిచేవి, జిగట మన్ను, మిగతాదంతా చదును. ఇరవై ఏండ్లు దున్నిన జ్ఞాపకం నన్ను అబద్ధానికి ఒప్పించింది.

షెడ్డుకు వచ్చాక మేస్త్రి గారు అడిగారు. "నడిచినావా?"

"నడిచినా మేస్త్రీ."

"పక్కకు వాలుండాదా?"

"లేదు. చాప పరిచినట్లుండాది. బురద ఒక్కటే."

"మలుపులు?"

"లేవు. వరుస వెంబడే పోయేది."

ఆయన "అట్లయితే ఆటోమేటిక్ లాకు చాలు" అన్నారు. నేను చెప్పిన నేలకు ఆ మాట సరైనదే.

కానీ ఆ నేల అప్పటికే అలా లేదు. పలకలు నాటినప్పుడు పార్కువాళ్లు వాననీళ్లు పోవడానికి దారిని ఒక పక్కకు వాలుగా చెక్కి, ఆ పక్కనే కాలువ తవ్వారు. పక్కవాలులో ఒక చక్రం జారినా రెండోది నేలను పట్టుకుని బండిని నిలబెడుతుంది. రెండూ కలిపి కట్టి ఉంటే రెండూ ఒకేసారి జారతాయి. వాలుందని నేను చెప్పి ఉంటే, బురద దాటాక తీసేసే వీలున్న స్విచ్చి లాకు చెప్పేవారు. మొదటి పెద్ద వానకు అదే జరిగింది. పనివాళ్లను దించి తిరిగి వస్తున్న ఓబులేశు జీపు బురదను అనాయాసంగా దాటి, ఆ అవతలి వాలులో వెనక చక్రాలు రెండూ జారి కాలువలోకి ఒరిగింది. అతని కాలు విరిగింది.

ఆసుపత్రికి మేస్త్రి గారు కంటి గుడ్డతోనే వచ్చారు. నేను పక్కనే ఉన్నాను. ఓబులేశు చెయ్యి పట్టుకుని, "తప్పు నాదప్పా. నేల చూడకుండా లాకు చెప్పినాను" అన్నారు. నా వైపు తిరిగి ఒక్క మాట అనలేదు. చూసి రమ్మన్నవాణ్ణి నమ్మారు గనుక, నేను నడిచే వచ్చానని, నా మాటల్లోంచి ఆ వాలును పసిగట్టే చూపు తనకే పోయిందని అనుకున్నారు. అప్పుడు నోరు తెరవాల్సింది. నీళ్లు తెచ్చే నెపంతో బయటికి వచ్చేశాను. ఒట్టి పిరికితనం, ఇంకేమీ కాదు.

ఆ తరువాత ఆయన లాకుల మాట చెప్పడం మానేశారు. ఎవరు వచ్చినా, "నా చూపు పోయిందప్పా, ఇంగొకర్ని అడుగు" అనేవారు. బ్రేకులు చూసేవారు, క్లచ్చి చూసేవారు. నేల చూడటానికి మాత్రం కదిలేవారు కారు. రెండేళ్లు అలా గడిచాయి. ప్రతిరోజూ ఆయన పక్కన కూర్చుని టీ తాగాను. ఆయన భార్య లక్ష్మక్క మధ్యాహ్నం పంపిన సంగటి తిన్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆయన్ను మట్టికి మోసుకుపోయాను.

పదకొండో దినాన అందరూ భోజనాలు చేసి వెళ్లాక లక్ష్మక్కకు, ఓబులేశుకు జరిగింది జరిగినట్లు చెప్పాను. గేటు, పాసు, బీడీ, అబద్ధం, ఏదీ దాచలేదు. ఓబులేశు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "నా కాలు అతుక్కున్యాదిలేప్పా" అని మాత్రం అని, లేచి బయటికి వెళ్లిపోయాడు.

లక్ష్మక్క మెల్లగా అంది. "రోజూ పొద్దున వాకిట్లో నిలబడుకుని ఒక కన్ను మూసి ఆ గుట్టను చూస్తాండె, మళ్లా ఇంగో కన్ను మూసి చూస్తాండె. డాక్టరు రెండు తూర్లు పరీక్ష చేసి కండ్లు బాగుండాయని చెప్పినాడు. నమ్మలేదు. బాగుంటే నడిచొచ్చినోని మాటలో వాలు ఎట్ల తెలీకపోయె లచ్చిమీ అంటాండె. నువ్వు ఒక్క మాట చెప్పింటే నమ్మింటాడు కదప్పా."

ఆ రాత్రే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను.

ఈ తాలూకాలో బండి తోలే ప్రతివారికీ, ఆ సభలో నాతోపాటు తల ఊపిన ప్రతివారికీ చేతులు జోడించి చెబుతున్నాను. తిప్పేస్వామి మేస్త్రి గారి చూపు తుదిశ్వాస వరకు నిర్దుష్టంగానే ఉంది. ఆయన చెప్పిన లాకు ఒక్కటి కూడా తప్పలేదు. ఆ పుణ్యమూర్తి లేని లోటును పూడ్చగలవారు మాలో ఎవ్వరూ లేరు, నేను అసలే కాను. ఆయన పాదాలకు నమస్కరించే అర్హత నాకుందో లేదో తెలియదు. మేస్త్రీ, నేను ఆ పొద్దు నడవలేదు.