జనగామలో ఓడ కట్టిన పెద్దమ్మ

మా బడిలో విరిగిన బల్లలు బాగు చేయడానికి మొన్న ఒక వడ్రంగి వచ్చాడు. వరండాలో సామాను పరుచుకొని పొద్దున్నుంచీ చిత్రిక పడుతున్నాడు. ఏడో తరగతి గదిలోంచి బయటికి వస్తుంటే అప్పుడే గీసిన కర్ర వాసన, దాని వెనకే తెల్ల జిగురు పుల్లటి వాసన ముక్కుకు తగిలాయి. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఏం మేడం, ఇంకేమన్న పని ఉన్నదా?" అని అడిగాడతను. ఏమీ లేదని తల ఊపాను. మహబూబాబాద్ దగ్గరి ఈ బడి వరండాలో నిలబడి నేను చూస్తున్నది జనగామలోని ఒక ఇంటి వరండాను. మధ్యాహ్నపు ఎండ, నులక మంచం, దాని ముందు ఎత్తుపీట మీద సగం కట్టిన ఓడ. మంచం మీద ఎడమ చేతిలో సన్నటి చెక్క పట్టుకొని, పెదవి బిగబట్టి కూర్చున్న సుగుణమ్మ పెద్దమ్మ.

నాకు నత్తి ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది. నత్తి ఉన్నవాళ్ళకు మాట రాకపోవడం కన్నా, ఎదుటివాళ్ళు ఆ మాటను పూర్తి చేయడం పెద్ద కష్టం. చిట్యాల దగ్గర మా ఊళ్ళో దుకాణానికి వెళ్ళి "స... స..." అంటే చాలు, దుకాణమాయన సబ్బు తీసి చేతిలో పెట్టేవాడు. నాకు కావలసింది సగ్గుబియ్యం. కాదని చెప్పాలంటే మళ్ళీ మాటే కావాలి కదా. సబ్బు పట్టుకొని ఇంటికి వచ్చేదాన్ని. అమ్మ తిట్టేది. అలా నా జీవితంలో చాలా సంగతులు ఇతరులు పూర్తి చేసిన మాటల ప్రకారమే జరిగిపోయాయి. బీఈడీ చదివాను గానీ పాఠం చెప్పే ఉద్యోగం అడిగే ధైర్యం లేక, జనగామలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో కంప్యూటరు పనికి కుదిరాను. ఒంటిపూట పని. ఉండడానికి పెద్దమ్మ వాళ్ళ మేడ మీది గది అద్దెకు దొరికింది. చుట్టరికమేమీ లేదు, వరసలన్నీ తర్వాత కలుపుకున్నవే.

ఇంట్లో దిగిన రోజున పెద్దమ్మ కోడలు రమ వదిన నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. "మా అత్తమ్మ. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట గూడ పోయింది. నీ పేరు చెప్పు జర" అంది. నాకు అన్నిటికన్నా కష్టమైన మాట నా పేరే. "ర... ర..." అంటూ ఆగిపోయాను. వదిన మంచిమనిషి, నన్ను ఆ అవస్థలో చూడలేకపోయింది. "రాధనా? రమ్యనా?" అని అందించబోయింది. పెద్దమ్మ ఎడమ చెయ్యి చాచి కోడలి మోచేతిని గట్టిగా పట్టుకుంది. వదిన ఊరుకుంది. పెద్దమ్మ నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో జాలి లేదు, తొందర లేదు. ఎంతసేపటికో "రజిత" అన్నాను. "గదే!" అంది పెద్దమ్మ, తాను అనుకున్న పేరు కూడా అదేనన్నట్టు.

ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటేనని తర్వాత తెలిసింది. నీళ్ళు కావాలన్నా "గదే", వద్దన్నా "గదే", కోపం వచ్చినా "గదే". అంతకు ముందు ఆమె తరిగొప్పుల దగ్గర ఒక ఊరికి సర్పంచి. భర్త కూర్చోబెట్టిన సర్పంచి కాదు, నిజంగా పదవి నడిపిన మనిషి. పంచాయతీ ఆఫీసులో మాట్లాడితే బస్టాండులో వినబడేదని వదిన నవ్వుతూ చెప్పేది. జబ్బు చేశాక కొడుకు శ్రీనన్న ఊరి నుంచి జనగామకు తెచ్చుకున్నాడు. మొదట్లో చూడడానికి చాలామంది వచ్చేవాళ్ళట. నేను వెళ్ళేనాటికి ఎప్పుడో ఒకరు వచ్చేవారు. ఒకాయన నా ఎదుటే శ్రీనన్నతో, "పులిలెక్క ఉండె మీ అమ్మ. పాపం, ఇప్పుడు ఏం సమజైతలేదు కావచ్చు" అన్నాడు. అంటున్నప్పుడు ఆమె పక్కనే ఉంది. ఆమెకు ప్రతి అక్షరం అర్థమైంది. ఆయన వెళ్ళేదాకా కళ్ళు మూసుకొని నిద్రపోతున్నట్టు పడుకుంది. మాట రానివాళ్ళకు బుద్ధి కూడా లేదనుకోవడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ మధ్యాహ్నం మేడ మీదికి వెళ్ళకుండా ఆమె కాళ్ళ దగ్గరే కూర్చున్నాను.

ఓడ మాత్రం అనుకోకుండా వచ్చింది. మనుమడు సరదాపడి తెప్పించుకున్న కొయ్య ఓడ సామాను అది. పెట్టె విప్పనైనా విప్పకుండా హైదరాబాదులో హాస్టలుకు వెళ్ళిపోయాడు. ఇల్లు సర్దుతూ రమ వదిన ఆ పెట్టెను బయట పెట్టి, "పాత సామాన్లాయనకు ఇయ్యనా అత్తమ్మా?" అని అడిగింది. పెట్టె మీద మూడు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. పెద్దమ్మ దాన్ని ఎడమ చేత్తో లాక్కొని ఒళ్ళో పెట్టుకుంది. శ్రీనన్న ఆశ్చర్యపోయాడు. "నువ్వు సముద్రమే చూడలే గదనే అమ్మా. ఓడెందుకే నీకు?" అన్నాడు. ఆమె నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదటిసారని వదిన వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

పెట్టెలో సన్నటి చెక్కలు, దారాల ఉండలు, గింజలంత చిన్న చెక్క బిళ్ళలు, బొమ్మలు గీసిన ఒక పుస్తకం ఉన్నాయి. ఆమెకు ఒక్క ఎడమ చెయ్యే పనిచేస్తుంది. కనుక పట్టుకోవడం నా వంతు, అతికించడం ఆమె వంతు. ముందుగా ఓడకు వెన్నులాంటి పొడవు కర్ర, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి ముక్కలు నిలబెట్టాలి. ఒక ముక్కను గాడిలో దించి, అది నిలుస్తుందో లేదోనని ఇద్దరమూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. "వాసం" అంది పెద్దమ్మ. నేను తల ఎత్తాను. ఆమె తల ఎత్తలేదు. అన్నానని ఆమెకు తెలియనే లేదు. ఇంటి కప్పుకు వేసే వాసం. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు దగ్గరుండి కప్పు వేయించిందో, ఆ మాట చేతి వెంట వచ్చేసింది. "ఏమన్నవ్ పెద్దమ్మా?" అని అడిగితే మళ్ళీ రాలేదు. "గదే, గదే" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అడిగితే రాదు, చేతులు పనిలో ఉంటే వస్తుంది. అది మాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక నేను ఏదీ అడగడం మానేశాను. పొడవు కర్ర దూలమైంది. నడిమి తెరచాప కొయ్య నిట్టాడి అయింది, గుడిసె మధ్యన కప్పు మోసే గుంజ ఉంటుంది కదా, అది. జిగురు పెట్టాక నేను తొందరపడి చెయ్యి తీయబోతే "ఆగు. ఆరనీ" అనేది. జిగురు ఆరేదాకా చెక్కను నొక్కి పట్టుకొని ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో నేను మాట్లాడడం మొదలుపెట్టాను. నాయిన పత్తి చేను గురించి, అక్క పెళ్ళి గురించి, బడిలో నన్ను వెక్కిరించిన పిల్లల గురించి. ఇద్దరి చూపులూ చెక్క మీద ఉండేవి. మాట అడ్డం పడితే పడేది. ఆమె అందించలేదు. అందించడానికి ఆమె దగ్గర మాట లేదని మొదట్లో అనుకునేదాన్ని. మాటలు కొద్దికొద్దిగా వస్తున్నప్పుడు కూడా ఆమె అందించకపోయేసరికి, అది ఆమె మర్యాద అని తెలిసింది.

ఓడ ముక్కు దగ్గర చెక్కలు వంచడం అన్నిటికన్నా కష్టమైన పని. వేడినీళ్ళలో నానబెట్టి, చెంబు చుట్టూ మెల్లగా వంచి, బట్టల క్లిప్పులు పెట్టి బిగించాలి. ఒకటి విరిగింది. ఇంకోటి విరిగింది. మూడోది కూడా చిటుక్కుమనేసరికి పెద్దమ్మ పీట మీది విరిగిన ముక్కలను ఒక్క తోపు తోసి, "నీ పాడుగాను! నీ మొకం మీద మన్ను వొయ్య!" అని గట్టిగా తిట్టింది. ఎక్కడా ఆగకుండా, నిండు గొంతుతో! వంటింట్లోంచి వదిన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకొని పగలబడి నవ్వాం. "తిట్లు మాత్రం యాదికున్నయి మా అత్తమ్మకు" అని వదిన ఫోన్ చేసి అందరికీ చెప్పింది.

ఆ తర్వాత ఒకరోజు శ్రీనన్న బయటి నుంచి వచ్చి, తమ సొంత ఊళ్ళో బడికి కొత్త గదులు కట్టారని, వాటిని తెరిచే రోజు రమ్మన్నారని వదినతో చెప్పాడు. బడి ముందటి ఖాళీ జాగలో దుకాణాలు కట్టించే ఆలోచన కూడా సాగుతోందన్నాడు. ఆ జాగను ఎవరూ ఆక్రమించకుండా ఏళ్ళ తరబడి కాపాడింది పెద్దమ్మే. "అమ్మ ఎందుకులే, అందరి ముందట ఇబ్బంది పడ్తది. నేను పోయొస్త" అన్నాడు. పెద్దమ్మ ఆ రోజు ఓడ ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. మూడోనాడు నా చెయ్యి పట్టుకొని, ఒక్కో మాటనూ మోసుకొచ్చినట్టు, "నేను... పోత. నువ్వు... రా" అంది. శ్రీనన్నకు నేనే చెప్పాను. ఆయన "ఎవలన్న నవ్వితే నేను ఓర్వలేను రజితా" అన్నాడు. "నవ్వితే న... నవ్వనీ అన్నా. నాకు అలవాటే, ఆమె గూడ అలవాటు చేసుకుంటది" అన్నాను.

ఆ రోజు ఊళ్ళో బడి ముందు షామియానా కింద పెద్దమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. పెద్దలు మాట్లాడారు, కొబ్బరికాయ కొట్టారు. ఆమెను ఎవరూ పిలవలేదు. కర్ర ఊతంతో తనే లేచింది. శ్రీనన్న చెయ్యి పట్టి మైకు దగ్గరికి నడిపించి, కర్ర తను అందుకొని మైకును ఆమె ఎడమ చేతికి ఇచ్చాడు. "ముందటి..." అంది. ఆగిపోయింది. మైకులో ఆమె ఊపిరి వినబడుతోంది. వేదిక మీది ఒకాయన "ముందటి నుంచి ఉన్నోళ్ళందరికి నమస్తె అంటున్నది" అని సర్దాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఇంకొకాయన ఆమె చేతిలోంచి మైకు తీసుకోబోయాడు. పెద్దమ్మ వదల్లేదు. "ఆగుండ్రి!" అంది. పాత సర్పంచి గొంతు అది. చప్పట్లు టక్కున ఆగాయి. మాట అందేదాకా మైకును వదలకుండా నిలబడింది. "ముందటి జాగ... పిల్లలది. ఎవ్వలకు... ఇయ్యొద్దు" అంది. అంది, మైకును శ్రీనన్న చేతికిచ్చి వచ్చి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. వెనక ఆడవాళ్ళలోంచి ఎవరో "గంతే! సర్పంచమ్మ చెప్పిందే మాట!" అని అరిచారు. ఇంకా కొన్ని గొంతులు కలిశాయి. వేదిక మీదివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ జాగలో దుకాణాలు లేవలేదు. పిల్లలు ఇప్పటికీ అక్కడ కబడ్డీ ఆడుతున్నారు.

తిరిగి వస్తుంటే కారులో శ్రీనన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇన్ని రోజులు నీ మాట నేనే మాట్లాడుతున్న అనుకున్ననే అమ్మా" అన్నాడు. పెద్దమ్మ వెనక సీట్లోంచి చెయ్యి చాచి కొడుకు భుజం తట్టింది.

ఆ వారమే నేను మా బడి పెద్దసారు గదిలోకి వెళ్ళాను. "నాకు పాఠం చెప్పాలని ఉన్నది సార్. నత్తి ఉన్నది. మాట ఆలస్యంగ వస్తది, కానీ వస్తది" అన్నాను. ఈ రెండు ముక్కలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన గడియారం చూశాడు గానీ చివరిదాకా విన్నాడు. ఆరో తరగతి ఇచ్చాడు. మొదటి రోజు పిల్లలు నవ్వారు. నేను ఆగాను, ఆగి మళ్ళీ చెప్పాను. కొన్నాళ్ళకు వాళ్ళకు నవ్వు పాతబడింది, పాఠం మిగిలింది. తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చి మహబూబాబాద్ వైపు వచ్చాను.

నేను జనగామ వదిలేలోపే ఓడ పూర్తయింది. తెరచాపల దారాలు కట్టడానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. ముడి వేయడానికి రెండు చేతులూ కావాలి. ఒక కొస ఆమె పంటితో పట్టుకునేది. చివరి ముడి పడ్డాక ఓడను అటూ ఇటూ తిప్పి చూసి, "కొంచెం... వంకర" అంది. నిజమే, నిట్టాడి ఒక పక్కకు ఒరిగింది. మరుసటి ఏడాది ఆమెకు మళ్ళీ పక్షవాతం వచ్చింది. వరంగల్ దవాఖానకు నేను వెళ్ళేసరికి స్పృహ లేదు. మంచం పక్కన కూర్చొని, నా బడి సంగతులు, పిల్లల సంగతులు ఆగుతూ ఆగుతూ చెప్పాను. విన్నదో లేదో తెలియదు. విన్నదనే అనుకున్నాను. ఆమె ముందు కూర్చొని అట్లా అనుకోకపోవడం తప్పు. ఆమె పోయి, దినాలయ్యాక మనుమడు ఓడను తన గదికి తీసుకెళ్ళాడు. అది అతనిదే కదా.

నా దగ్గర ఆమె వస్తువేదీ లేదు. ఒక అలవాటు ఉంది. పోయిన ఏడాది ఒక తల్లి తన బిడ్డ టీసీ కోసం బడికి వచ్చింది. "టీసీ గావాలె మేడం" అని తల వంచుకుంది. ఎందుకని అడిగితే "ఏం లేదు, ఊకెనే" అంది. పక్కనున్న టీచరు, "పెండ్లి కుదిరింది కావచ్చు, రాసియ్యి" అన్నది. నేను కలం కింద పెట్టి, ఆమెకు కుర్చీ జరిపి, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. గంట కొట్టారు. పిల్లలు గదులు మారారు. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. "పిల్లకు సదువాలనే ఉన్నది మేడం. నాకు గూడ సదివియ్యాలనే ఉన్నది. ఇంట్ల ఎవ్వలకు చెప్పలేక వచ్చిన" అంది. ఆ గదిలో నేను చేసింది ఆ కూర్చోవడమే. సాయంత్రం ఆమెతో కలిసి వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. గుమ్మంలో నిలబడిన ఆమె అత్తగారితో నేను మాట్లాడబోతే, ఆ తల్లి నన్ను చేత్తో వారించి, "నేనే చెప్త మేడం" అంది.