పోటీలో ఉన్నావా, అక్కా?

మా ఆఫీసులో తెల్లవారిందంటే అమెరికాలో పొద్దుగూకినట్టు. అక్కడి విలేకరులు ఇంటిదారి పట్టే వేళకు అక్కడి రాజకీయాల భారమంతా సింగపూర్‌లో కూర్చున్న మా ముగ్గురి నెత్తిన పడేది. డెస్కుకు పెద్ద మా అక్క. సొంత అక్క కాదు, గోదావరి జిల్లా మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. చేరిన రోజు నేను మేడమ్ అనబోతే, "మేడమూ గీడమూ అన్నావంటే తంతాను, అక్కా అను" అంది. రెండోవాడు ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ అతను, నా ఈడువాడే, నవ్వుతూ ఉంటాడు, ఫోన్ ఎత్తడమంటే మాత్రం మహా బద్ధకం. మూడోదాన్ని నేను. మాది కడప దిక్కు. నోరు కొంచెం ఎక్కువని మా ఇంట్లోనే అంటారు.

అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అమెరికాలో పార్టీవాళ్ళు ముందు తమలో తామే ఓట్లేసుకుని తేల్చుకుంటారు. దాన్ని ప్రైమరీ అంటారు. ఆ ప్రైమరీ ఇంకా ఎంతో దూరంలో ఉంది, నిలబడతామని ఒక్కరూ నోరు తెరవలేదు, అయినా ప్రతి ఛానలూ, ప్రతి వెబ్‌సైటూ బరిలోకి దిగేది వీళ్ళేనంటూ పేర్లు చదివేస్తున్నాయి. ఎట్లా కనిపెడతారయ్యా అంటే గుర్తులను బట్టి. ఒకాయన పుస్తకం రాశాడా, నిలబడతాడు. ఒకావిడ జుట్టు కత్తిరించుకుందా, నిలబడుతుంది. కాస్త ఒళ్ళు తగ్గించాడా, ఇంక అనుమానమే అక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద గుర్తు ఏమిటంటే, "ప్రస్తుతానికి నా దృష్టంతా నా పని మీదే" అనడం. ఆ మాట అన్నాడంటే లోపల్లోపల పోస్టర్లు అచ్చవుతున్నట్టే లెక్క. చదివేవాళ్ళకు కాలక్షేపం, రాసేవాళ్ళకు తేలిక. అక్కకు మాత్రం ఒళ్ళుమంట.

ఒకరోజు ఉదయం ఒక గవర్నరు ఫొటో వచ్చింది. అందరికంటే ముందు ఓటేసే, అందుకే నిలబడాలనుకునేవాళ్ళంతా ముందుగా వాలే రాష్ట్రంలో, రోడ్డు పక్కన నిలబడి మొక్కజొన్న పొత్తు కొరుకుతున్నాడాయన. సొంత రాష్ట్రంలో పొత్తులు దొరకవా ఏం? "కన్ఫర్మ్ రన్నింగ్ లా!" అని, పోటీ ఖాయమని తేల్చేసి, మా చైనీస్ మిత్రుడు బల్ల చరిచాడు. నేను అప్పటికే హెడ్డింగ్ కొట్టేశాను. అక్క వెనక నుంచి వచ్చి నా కుర్చీ పట్టుకుంది.

"అడిగేవా?"

"ఎవరిని అక్కా?"

"ఆయన్నే. నిలబడతాడో లేదో తెలిసేది ఆయనకి కదే. ఆ పొత్తుకేం తెలుస్తుంది?"

ఫోన్ తనే అందుకుంది. గవర్నరు తరఫున మాట్లాడే అధికారి నంబరు సంపాదించింది. అవతల భోజనాల వేళ. "మీ భోజనం పాడుచేస్తున్నానా?" అని ముందు అడిగింది. ఆయన ఏదో అన్నాడు, అక్క నవ్వింది, వాళ్ళమ్మాయి పరీక్షల దాకా వెళ్ళింది కబురు. ఆ తర్వాత తాపీగా పొత్తు సంగతి ఎత్తింది. గవర్నరు మేనకోడలి పెళ్ళి అట ఆ ఊళ్ళో. పెళ్ళికి వెళ్ళిన మేనమామ మర్నాడు ఆకలేసి పొత్తు తిన్నాడు, అంతే కథ.

అక్క నా హెడ్డింగ్ తీసేసింది. గవర్నరు పెళ్ళికి వెళ్ళారనీ, పోటీ గురించి ఇంకా ఏమీ అనుకోలేదని ఆయన అధికారి చెప్పారనీ చిన్న ముక్క రాసి పెట్టింది. దాన్ని ఎవరు చదువుతారు? మిగతా వెబ్‌సైట్లన్నీ ఆ పొత్తును పట్టుకుని రోజంతా ఊరేగాయి. మనమెందుకు వెనకబడ్డామంటూ పెద్దాఫీసు నుంచి ఘాటుగా మెసేజ్ వచ్చింది. అక్క ఒక్క వాక్యంలో జవాబు కొట్టింది, మేము అడిగాం అని. నాకు భయమేసింది, కానీ ఆ మనిషి మీద అంతకు పదింతలు గౌరవం పుట్టింది. అంతకుముందు రెండు ఉద్యోగాలు చేశాను, పైవాళ్ళకు అట్లా జవాబిచ్చినవాళ్ళను నేను చూడలేదు.

అటుపైన అదే మా డెస్కు పద్ధతి అయింది. ఫలానావారు నిలబడవచ్చు అని రాయాలంటే ముందు ఫలానావారిని అడగాలి. కొందరు చెప్పేవాళ్ళు కాదు, కొందరు విసుక్కునేవాళ్ళు, ఆ గవర్నరు అధికారి మాత్రం అక్క గొంతు వినగానే భోజనం పక్కన పెట్టేవాడట.

కొన్నాళ్ళకు పెద్దాఫీసు నుంచి రెండు కబుర్లు ఒక్కసారే దిగాయి. మా డెస్కులో ముగ్గురు అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఈ ప్రాంతం మొత్తానికీ కొత్తగా ఒక చీఫ్‌ను పెడతారు, ఆ చీఫ్ కూర్చునేది సింగపూర్‌లోనే.

పోయేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అందరికంటే కొత్తదాన్ని నేనే. మా ఆయన పరిశోధన ఉద్యోగం గడువు అప్పటికే తీరిపోయి, నా ఉద్యోగాన్ని బట్టి ఈ దేశం ఇచ్చిన పాస్ మీదే ఇక్కడ ఉంటున్నాడు. పాప టాంపినీస్‌లో మా బ్లాకు పక్క బడిలో చదువుతోంది. నేను తెలుగులో తిడితే ఇంగ్లీషులో "ఓకే లా" అని తుర్రుమనే పిల్ల. నా ఉద్యోగం పోతే పాస్ పోతుంది, పాస్ పోతే ముగ్గురం సామాను కట్టుకోవడమే. ఇంట్లో ఆ మాట ఎత్తకుండా, దోసెలు మాడ్చుకుంటూ తిరిగాను.

ఒక్కటే దారి కనిపించింది. అక్క గనక ఆ చీఫ్ పదవికి వెళ్తే డెస్కులో ఇద్దరమే మిగులుతాం, ఎవరినీ పంపక్కర్లేదు. ఇక చూడండి, రోజంతా గుర్తులు వెతికే మా ఇద్దరి బుర్రలూ అక్క మీద పడ్డాయి. గుర్తులు కూడా ఒకదాని వెనక ఒకటి ఊడిపడ్డాయి. అక్క ఎడిటర్ గారి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడింది, ఆ వారంలోనే మళ్ళీ వెళ్ళింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చింది. మధ్యాహ్నం బయటికి వెళ్ళి స్టూడియోలో ఫొటో తీయించుకుంది. ఎప్పుడూ కాటన్ కుర్తాలో వచ్చే మనిషి ఒకరోజు కోటు వేసుకుని దిగింది. మా చైనీస్ మిత్రుడు ఆగలేక, ఇక్కడివాళ్ళు కోపీ అనే కాఫీ తాగుతూ కదిపాడు, ఏమిటి సంగతులని. అక్క కప్పు కింద పెట్టి, ప్రస్తుతానికి నా దృష్టంతా నా పని మీదే అంది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంకేం కావాలి! నా గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ రోజు సాయంత్రం రైలు దిగి, దారిలో పాపకు ఐస్‌క్రీమ్ కూడా కొన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అక్కా నేనూ ఎప్పటిలాగే హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. ఒకే కప్పు కింద చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఉంటాయి, మధ్యలో బల్లలు, ఆ వేళకు జనం కిటకిట. చోటు పట్టుకోవాలంటే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తారు, దాన్నే చోప్ చేయడం అంటారు. ఒక్క టిష్యూ ప్యాకెట్‌ను ఇంత పెద్ద ఊరంతా మన్నిస్తుంది, ఎవరూ ఆ చోట కూర్చోరు. అక్క రెండు కుర్చీల ముందూ రెండు ప్యాకెట్లు పెట్టింది. పరాటాలు తెచ్చుకున్నాక, సంచీలోంచి ఆవకాయ సీసా తీసి నాకింత, తనకింత వేసింది.

నాకు సంతోషం ఆగడం లేదు. అయినా మా డెస్కు పద్ధతి ఒకటుంది కదా, అందుకని అడిగేశాను.

"పోటీలో ఉన్నావా, అక్కా?"

అక్క నన్ను చూసి పెద్దగా నవ్వింది. "హమ్మయ్య, అడిగేవు. ఇన్నాళ్ళూ మీరిద్దరూ గుసగుసలాడుకోవడమే కానీ ఒక్కళ్ళూ అడగరేవిటా అనుకున్నాను. లేనే. అసలు ఆ పదవికి నేను అప్లికేషనే పెట్టలేదు."

"మరి జుట్టు?"

"పెరిగితే కత్తిరించుకోకూడదేవిటి?"

"ఫొటో?"

"పాస్‌పోర్టు గడువు అయిపోతోంది."

"కోటు?"

"ఏసీ చలికి."

"ఎడిటర్ గదిలో తలుపులేసుకుని ఏం మాట్లాడితివి మరి?"

అక్క పరాటా ముక్క తుంచి ఆవకాయలో అద్దుకుంది. నోట్లో పెట్టుకోలేదు. "ఇద్దరు చాలన్నారు కదే. వాళ్ళు నీ పేరు అనుకున్నారు. నేను వెళ్తానని చెప్పేను. మొదట ఒప్పుకోలేదు, మళ్ళీ వెళ్ళి చెప్పేను. నిన్ననే ఒప్పుకున్నారు."

చేతిలోని పరాటా ముక్క ప్లేటులో పడేశాను.

"ఇట్లా ఎందుకు చేస్తివక్కా?"

"ఎందుకేవిటే? నాకు ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. బెడోక్‌లో ఫ్లాటుంది. మా అబ్బాయి ఉద్యోగంలో పడ్డాడు. నేను వెళ్తే ఈ ఆఫీసులోంచి వెళ్తాను, అంతే. నువ్వెళ్తే ఈ దేశంలోంచే వెళ్ళాలి." అక్కడితో ఆగకుండా గొంతు తగ్గించి, "ఇంకోటి కూడా ఉంది. ఆ డెస్కులో ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఒకళ్ళు మిగలాలి. వాడు చెయ్యడు. నువ్వు చేస్తావు" అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి ఒక్కసారే వచ్చాయి. ఏడుపు వస్తే నా నోరు ఇంకా పెద్దదవుతుంది. "లోకాన్నంతా అడగమంటావే! అడగకుండా ఎవరి గురించీ ఒక్క అక్షరం రాయనీయవే! మరి నన్ను అడిగితివా?" అని అరిచాను. పక్క బల్ల దగ్గర నూడిల్స్ తింటున్న అంకుల్ తలెత్తి చూశాడు.

నన్ను చేర్చుకున్న రోజు నుంచీ ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి, ఆ మాటకు మాత్రం ఆవకాయ సీసా మూత బిగించడంలో పడింది. "అడిగితే వద్దంటావు" అంది. "జవాబు ముందే తెలిసిపోతే ఫోనెందుకే? తినవే, చల్లారిపోతోంది. రేపు ఆ గవర్నరు ఏదన్నా అంటే రాయాల్సింది నువ్వే."

నెల తిరక్కుండానే అక్క వెళ్ళిపోయింది. ఆఫీసువాళ్ళు కేకు కోయించారు, చీఫ్‌గా మరో ఊరి నుంచి ఎవరో వచ్చారు. ఒక వారం దాకా ఆ ఖాళీ కుర్చీ వైపు చూడకుండా పనిచేసుకున్నాను.

ఆ తర్వాత ఒక ఉదయం గవర్నరు మళ్ళీ తెరల మీదికి ఎక్కాడు. ఇంటి పెరట్లో కుక్కను ఆడిస్తున్న వీడియో పెట్టాడట, కుక్క మెడలో జెండా రంగుల రిబ్బన్ ఉందట, ఇక నిలబడడం ఖాయమట. మా చైనీస్ మిత్రుడు నా వైపు చూశాడు, ఈసారి కన్ఫర్మ్ అనలేదు. నేను ఫోన్ తీశాను. అక్క నేర్పినట్టే, మీ భోజనం పాడుచేస్తున్నానా అని ముందు అడిగాను.

అవతల ఆ అధికారి నా గొంతు కొత్తదని పసిగట్టాడు. "ఎప్పుడూ చేసే ఆవిడ కాదే మీరు?" అన్నాడు. "ఆవిడ మానేశారని ఇక్కడ ఎవరో అంటే నేను నమ్మలేదు. నిజమేనా?"

అక్క ఖాళీ కుర్చీ వైపు తిరిగి కూర్చున్నాను.

"నిజమేనండీ" అన్నాను. "నేను ఆవిడనే అడిగాను."