గోమేధికం కోసం గరీబ్‌పేట దాక

మా జంగయ్య బావ ఒక పొద్దుగాల బర్రె ముందట నిలవడి "ఎప్పుడొచ్చినవ్ చిన్నమ్మా, చాయ్ తాగినవా?" అని అడిగిండు. బర్రె ఏమనుకోలేదు. అరుగు మీద కూసున్న మా అసలు చిన్నమ్మ అలిగి, సంచి సదురుకొని ఆ పొద్దే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయింది. ఈ యాత్రకు కారణం గదే.

బావకు రెండు కండ్లల్ల మోతిబిందు, గదే శుక్లాలు. కుడి కన్నుది బాగ ముదిరింది, ఇంక ఆగితే కష్టమని పట్నం డాక్టర్ బేస్తారం నాడు ఆపరేషన్‌కు రమ్మన్నడు. బావ రానన్నడు. జాతకంల రాహువు బాగలేడట. కన్ను మీద కత్తి పడే ముందు వేలికి గోమేధికం పడాలని పంతులు చెప్పిండట. దుకాణంల కొనుక్కొస్తనంటే దానికీ ఒప్పుకోడు. "దుకాణంలది గాజు. భూమిల పుట్టినదాన్ని నా చేత్తోని ఏరుకుంట."

"గా రాయి దొరికే లోపల ఈయన ట్రాక్టర్ ఎవలింట్ల వెడ్తడో!" అని మా అక్క నెత్తి కొట్టుకున్నది. ఆమె భయం ఉత్తది కాదు. మొన్ననే బావ మా చెల్క అనుకొని పక్కోళ్ల పెరడు దున్నిండు.

ఇగ నా సంగతి. ఏడో తరగతిల బడి బంద్ చేసి కడీలు కొట్టే పనిల పడ్డ. కడీలంటే ఒకప్పుడు చేన్ల చుట్టు పాతిన రాతి స్తంభాలు. ఇప్పుడు కొంగరకలాన్ దిక్కు చేన్లు లేవు గనక ప్లాట్ల చుట్టు పాతుతున్నరు. నాకైతే చేతి నిండ పని. ఆ గర్వంతోని ఒకనాడు కల్లు కాడ "తెలంగాణల ఏ రాయి ఏడ పుడ్తదో నన్నడుగుండ్రి" అన్న. బావకు చూపు మందగించింది గని చెవులు సక్కగున్నయ్. గా మాట దాచివెట్టుకొని ఇప్పుడు నా నెత్తిన వేసిండు.

గ్రానైట్ లారీ డ్రైవర్ ఒకాయన చెప్పంగ విన్న, కొత్తగూడెం అవతల గరీబ్‌పేట గుట్ట కింద వాన పడితే చేన్లల్ల జాతిరాళ్లు తేల్తయని. గోమేధికాలు గూడ గా జాతివేనట. నాకు తెల్సింది గంతే. గంత తెల్వితోనే టికెట్ తీసుకున్న.

సోమవారం పొద్దుగాల అయిదున్నరకు ఇబ్రహీంపట్నంల సిటీ బస్సెక్కినం. ఆరుంబావుకు బొంగులూరు, ఏడుకు ఎల్బీనగర్. ఏడుంబావుకు కొత్తగూడెం ఎక్స్‌ప్రెస్ దొరికింది. కండక్టరమ్మ మా ఇద్దరికి టికెట్లు కొట్టి, పక్క సీట్ల ముగ్గురాడోళ్లకు పైసల్లేని టికెట్లిచ్చింది.

"అక్కను తీస్కొస్తె ఆమెకు టికెట్ ఉత్తగనే వస్తుండె" అన్న.

"రాహువు నా మీదున్నడు, మీ అక్క మీద కాదు" అన్నడు బావ. అక్క మీద కూసునే ధైర్యం రాహువుకు లేదు, గది వేరే ముచ్చట.

కిటికీ సీటు బావే తీసుకున్నడు. ఏం కనవడ్తలేదు గదా అంటే "గాలి తగుల్తది" అన్నడు. చౌటుప్పల్ దాటిందాక నన్ను రాళ్ల గురించి అడుగుతనే ఉన్నడు. నాకు తెల్సింది చెప్పిన. మా దిక్కు గుట్టలన్ని గ్రానైటే. పగలగొట్టి చూస్తే లోపల మూడు రకాలు కలిసుంటయ్. గులాబి రంగుది ఎక్కువ, పొద్దుకు వెడితే పలక మెరుస్తది. సందులల్ల తెల్లగ, చిక్కటి పటిక లెక్కుండేది పలుగురాయి. దానికి సుత్తె దిగదు, నిప్పులు లేస్తయ్. నల్లగ, గోరుతోని లేపితే పొరలు పొరలు లేచేది అభ్రకం. నల్లరాయి ఎక్కువైతే కడీ బరువు, గులాబి ఎక్కువైతే చూపు. కొనేటోళ్లు చూపు చూస్తరు, మోసేటోడు బరువు చూస్తడు.

సూర్యాపేటల చాయ్ కోసం పావుగంట ఆపిండు. ఆడనే ఒక రిటైర్డ్ సైన్సు సారు ఎక్కి మా పక్కన కూసున్నడు. మా ముచ్చటంత విన్నడు. పన్నెండుంబావుకు ఖమ్మంల బావ చెయ్యి కడుక్కోను దిగినప్పుడు సారు నా చెవుల వడేసిండు.

"తమ్మీ, గా గుట్ట మీద దొరికేది గార్నెట్. దానిమ్మ గింజలెక్క ఎర్రగ, జర నల్లగ ఉంటది. గోమేధికం తేనె రంగు. ఒక్కటే కుటుంబం, కాని గోమేధికం పెద్దనాయిన బిడ్డ, గిది చిన్నాయిన కొడుకు."

నా నోట్లె ఇడ్లీ నోట్లెనే ఉండిపాయె. అయిదు గంటలు బస్సుల కూసొని వచ్చినం. బేస్తారం ఇంక మూడు రోజులే.

"సార్, ఇద్దరు ఒక్క ఇంటోళ్లేనా?"

"అవ్."

"పెండ్లికి పెద్దనాయిన రాకుంటే చిన్నాయిన అక్షింతలేస్తే చెల్లదా?"

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకుంట నవ్విండు. "చెల్లుతది. కాని మీ బావకు రంగు తెల్వదా?"

గా మాటకు నా కడుపుల ఒక దీపం వెలిగింది. సారు ఖమ్మంలనే దిగిపోయిండు, దీపం నాతోని ఉండిపోయింది.

రెండున్నరకు కొత్తగూడెం. బొగ్గు బాయిల ఊరు. బస్టాండ్ల కూసుంటే చొక్కా కాలర్ మొదట రంగు మారుతది. పప్పు, గోంగూర, మజ్జిగతోని బువ్వ తిని ఆటో మాట్లాడుకున్నం. పోయేటోళ్లకు ఒక మాట: గుట్ట మీద తవ్వద్దు, ఫారెస్టోళ్లు పట్టుకుంటరు. కింద చేన్లల్ల ఆసామిని అడిగి, వానకు తేలినయి ఏరుకోవాలె.

మేం పోయిన పత్తిచేన్ల సమ్మక్క అనే ఒకామె కలుపు తీస్తున్నది. అడుగుతే "తీస్కపోండ్రి, నాకు కాళ్లకు గుచ్చుకునే పీడ పోతది" అన్నది.

మూడు పూటల వాన పడి ఆగింది. ఎర్రమట్టిల అభ్రకం పొడి తళతళ మెరుస్తున్నది. నేను వంగి వంగి అరగంట చూసిన. మినపగింజంతవి నాలుగు దొరికినయ్. బావ చెప్పులు విడిసి సాలెంబడి మెల్లగ నడిసిండు. ఒక్క కాడ ఆగిండు. వేలితోని మట్టి తవ్వి, కుంకుడుకాయంత రాయి తీసిండు.

నా చేతికిచ్చిండు. నేను ఇరవై ఏండ్ల సంది రాయి కొడుతున్న, గాని గట్లాంటిది చూడలె. ఎవలో కూసొని సాన పట్టినట్టు చుట్టు పలకలు, ఒక్కటొక్కటి లెక్కవెట్టిన, పన్నెండు. ఏ కంసాలి చెయ్యి తాకలేదు. మట్టిలనే గట్ల పుట్టింది. ఎంతుందో అంతకు రెండింతలు బరువు. చెమటతోని తుడిసి పొద్దుకు వెడితే లోపల ఎర్రటి నిప్పు కణం మెల్లగ ఊపిరి పీలుస్తున్నట్టున్నది.

బావ గుంజుకొని పొద్దుకు ఎత్తిండు. కండ్లు చికిలించిండు.

"బామ్మర్దీ! పచ్చగ, తేనెలెక్క! అచ్చం గోమూత్రం రంగు! పంతులు చెప్పిందే!"

మోతిబిందు ముదిరినోళ్లకు లోకమంత పాత ఫోటో లెక్క పచ్చగ కనవడ్తదని అక్కకు డాక్టర్ చెప్పిన మాట అప్పుడు యాదికొచ్చింది. సమ్మక్క నోరు తెరిసింది. నేను ఆమె దిక్కు చూసి దండం వెట్టి మెల్లగ "బేస్తారం కంటి ఆపరేషన్ అక్కా" అన్న.

"అవ్ అన్నా, మస్తు పచ్చగుంది" అన్నది సమ్మక్క. తర్వాత పత్తి చెట్ల దిక్కు తిరిగి చాలసేపు దగ్గింది.

ఆ రాత్రి బస్టాండ్ పక్క లాడ్జిల ఉన్నం. ఫ్యాన్ తిరగదు, కాని చప్పుడు చేస్తది. మంగళవారం పొద్దుగాల ఏడుకు వాపస్ బస్సు. బావ ఖమ్మం దాక రాయిని అరిచేతిల పెట్టుకొని ఎవరడిగినా అడగకున్నా చూపిస్తున్నడు. ముందు సీట్ల గాజులమ్మే ఆమె తిరిగి "గిదేంది, దానిమ్మ గింజలెక్కున్నది?" అన్నది.

"దానిమ్మనా?" బావ నా దిక్కు తిరిగిండు.

"ఎండిన దానిమ్మ బావా. తొక్కు రంగు చెప్తున్నది."

ఆమె నా మొఖం చూసి, ఆయన కండ్లు చూసి, గాజులు సదురుకుంట ముందుకు తిరిగింది. అప్పటి సంది సూర్యాపేట దాక నేను దానిమ్మల ముచ్చటే చెప్పిన.

బుధవారం మా ఊరి కంసాలి, అవుసులాయన, రాయిని వెండి ఉంగరంల కూసోవెట్టిండు. ఆయన రాయిని ఒక్కసారి చూసి నా కాలు దిక్కు చూసిండు. నా కాలు ఆయన కాలి మీదున్నది. "మంచి రాయి" అన్నడు. అది అబద్ధం కాదు.

బేస్తారం ఎల్బీనగర్ కంటి దవాఖానల ఇంకో గండం. నర్సమ్మ "పెద్దాయనా, ఉంగరం తియ్యాలె. లోపలికి ఏవీ తేవద్దు" అన్నది.

బావ మంచం దిగిండు. "అయితే నేను ఇంటికి పోత."

అక్క చీర కొంగు నోట్లె కుక్కుకున్నది. పక్క మంచం ముసలాయన లేసి కూసున్నడు. ఇగ నాకు ఖమ్మంల ఇడ్లీ యాదికొచ్చింది.

"బావా, పెండ్లికి పెద్దనాయిన రాకుంటే చిన్నాయిన అక్షింతలేస్తడా లేదా?"

"వేస్తడు."

"చెల్లుతదా?"

"చెల్లుతది."

"ఉంగరం నాకియ్యి. నేను పెట్టుకొని తలుపు కాడ కూసుంట. నీ బామ్మర్దిని, ఒక్క ఇంటోన్ని. రాహువు వస్తే నన్నే అడుగుతడు."

బావ ఉంగరం తీసి నా వేలికి పెట్టిండు. "జాగ్రత్తరా. నిన్ను పట్టుకుంటే వాడే ఆగం అయితడు" అని లోపలికి పోయిండు. అక్క అప్పుడు కొంగు తీసి ఏడ్సింది. నేను తలుపు కాడ గంట కదలలేదు. మూత్రం వచ్చినా లేవలేదు.

సుక్రారం పొద్దుగాల పట్టీ విప్పిండ్రు. నల్లద్దాలు పెట్టి, పదిన్నరకు బస్సెక్కినం. ఈ యాత్రల ఇదే ఆఖరి బస్సు, ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం. తిరుగు దారిల చూడను గుట్టలు లేవు, ప్లాట్ల బోర్డులే. బావకైతే గవే గుట్టలు. ఒక్కొక్క బోర్డు గట్టిగ చదివిండు. బొంగులూరు కాడ అద్దాలు లేపి నన్ను చూసిండు.

"గింత ముసలోడివి ఎప్పుడైనవ్ రా?"

"నువ్వు చూస్తలేనప్పుడు."

తర్వాత నేను వాపస్ ఇచ్చి తొడిగిన ఉంగరం దిక్కు చూసిండు. ఎడమ కన్ను మూసిండు. కుడి కన్ను మూసిండు. మళ్ల ఎడమది. అక్క కిటికీ దిక్కు తిరిగింది. నేను దిగుదామని చూసిన, గని బస్సు ఆగుతలేదు.

"బామ్మర్దీ."

"ఊ."

"కొత్త కన్నుతోని ఎర్రగున్నది. పాత కన్నుతోని పచ్చగున్నది."

"ఏ కన్ను మంచిగయింది బావా?"

బస్సు శేరిగూడ దాటింది. బావ ఉంగరాన్ని పొద్దుకు తిప్పుకుంట మస్తుసేపు కొత్త కన్నుతోని చూసిండు. నేను పత్తిచేన్ల చూసినట్టే చూసిండు.

"ఎంత మంచిగున్నదిరా" అన్నడు. అద్దాలు దించుకొని, "ఎడమ కన్నుకు ఎప్పుడు రమ్మన్నరు?"

"నెల ఆగి."

"పంతులుకు చెప్పకు. వాడు ఈసారి ఏ రాయి అంటడో, నువ్వు ఏ గుట్ట అంటవో."

నేనింతవరకు గరీబ్‌పేట పోండ్రి అని గని, పోకుండ్రి అని గని ఎవలకు చెప్పలె. పోతే ఒక్కటి చెప్త: రాయి రంగు మీద పందెం కట్టే ముందు, చూసేటోని కన్ను చూసుకోండ్రి.

ఇబ్రహీంపట్నంల దిగినం. మా సందు మొగదల బర్రె నిలవడ్డది. బావ ఆగిండు. అద్దాలు లేపిండు. నేనూ అక్కా ఆయన ఎనక ఆగినం.

"బర్రె" అన్నడు. ఇంకోసారి దగ్గరికి పోయి పక్కా చేసుకున్నడు. "బర్రెనే. చిన్నమ్మకు ఫోన్ కొట్టుండ్రి. తప్పయిందని చెప్త."